కర్నూలు గుర్రపు లాయాలు ఎక్కడికి పోయాయి?

కర్నూలు నవాబులకు గుర్రపు దండు ఉండేదని మన ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ గుర్రాలన్నిటినీ రాత్రిపూట ఎక్కడ కట్టేసేవాళ్ళు అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. కొండారెడ్డి బురుజు నిలబడే ఉంది. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి, మనం గోల్ గుమ్మజ్ అని పిలిచే కట్టడం, 1618 నాటిది, ఇంకా ఉంది. మసీదులు, దర్గాలు, పాత గుళ్ళు ఉన్నాయి. లాయం మాత్రం ఒక్కటీ కనబడదు. కడపలో మయానా నవాబుల సంగతీ అంతే. గుత్తిలో మురారిరావు ఘోర్పడే గుర్రపు దండును ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ పోటీపడి కిరాయికి పిలిచేవాళ్ళు. ఆ గుర్రాలు నిలబడ్డ చోటు ఇదీ అని గుత్తిలో వేలు పెట్టి చూపించేవాళ్ళు నాకు కనబడలేదు.

ఎవరో కూల్చేసి ఉంటారు, రాళ్ళు ఎత్తుకుపోయి ఉంటారు అని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే. కోటగోడల రాళ్ళు ఊరి ఇళ్ళల్లోకి చేరడం రాయలసీమలో ప్రతి ఊళ్ళోనూ జరిగింది. కానీ గుడి, మసీదు, బురుజు మిగిలిన చోట లాయాలు మాత్రమే ఇంత శుభ్రంగా ఎలా తుడిచిపెట్టుకుపోయాయి? నాకు అర్థమైనంతలో లాయాన్ని ఎవరూ పనిగట్టుకుని కూల్చలేదు. అది నిలబడింది గోడల మీద కాదు, రోజూ వచ్చే మేత మీద, నెలనెలా అందే జీతం మీద. ఆ రెండూ ఆగిన రోజున లాయం తనంతట తానే విడిపోయింది. గుర్రం ఒక దారిన, మనిషి ఒక దారిన, స్థలం ఒక దారిన పోయాయి. అందుకే మనకు శిథిలం కూడా దొరకడం లేదు.

ఇది అర్థం కావాలంటే ముందు గుర్రం దగ్గర మొదలుపెట్టాలి.

సముద్రం దాటి వచ్చిన గుర్రం

దక్కనులో స్థానికంగా గుర్రాలు లేకపోలేదు. భీమా నది పొడవునా పెరిగే పొట్టి దక్కనీ గుర్రాలు, తట్టువలు ఉండేవి. గట్టి ప్రాణాలు. తక్కువ తిని ఎక్కువ దూరం నడుస్తాయి. అయితే కవచం తొడుక్కున్న రౌతును మోస్తూ శత్రువు మీదికి దూకడానికి రాజులు కోరుకున్నది అరబ్బు, పర్షియా గుర్రాల్ని. అవి దక్షిణాన సరిగ్గా ఈనేవి కావు, ఈనినా పిల్లలు తల్లిదండ్రుల ఎత్తుకు రావని ఇక్కడికొచ్చిన యాత్రికులు పదే పదే రాశారు. కాబట్టి హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో పడమటి తీరానికి తెచ్చి, అక్కడి నుంచి కనుమలు ఎక్కించి విజయనగరానికి నడిపించుకుంటూ రావాలి.

ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. ఆయన రాసిపెట్టిన సంగతుల్లో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. సాళువ నరసింహరాయలు హోర్ముజ్, ఏడెన్ గుర్రాల్ని వెయ్యి పర్దావులకు (పర్దావు అంటే బంగారు నాణెం) మూడు లెక్కన కొనేవాడట, బతికున్నా చచ్చినా సరే. సముద్రంలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, ప్రాణంతో దిగిన గుర్రానికి ఇచ్చినంత డబ్బూ ఇచ్చేవాళ్ళట. మొదటిసారి చదివితే పిచ్చి ఖర్చులా కనిపిస్తుంది. నిదానంగా చూస్తే దాంట్లో లెక్క ఉంది. ఓడలో గుర్రం చచ్చే భయాన్ని వ్యాపారి నెత్తిన పెడితే వాడు ఇంకో రేవుకు, ఇంకో రాజు దగ్గరికి పోతాడు. ఆ నష్టం రాజే భరిస్తే వ్యాపారి మళ్ళీ వచ్చే ఏడు కూడా ఇక్కడికే వస్తాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన రాజనీతిలో ఇదే మాట ఉంది. ఏనుగుల్నీ మేలైన గుర్రాల్నీ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళూ మంచి ఇళ్ళూ ఇచ్చి, కొలువులో మర్యాద చేసి, లాభం దక్కేలా చూడాలి, అలా చేస్తే ఆ సరుకు శత్రువుకు చేరదు అని ఆయన సలహా. 1547లో విజయనగరం పోర్చుగీసువాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో కూడా గోవాలో దిగే గుర్రాలు తమకే అమ్మాలనే షరతు ఉంది.

విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని, వాటిలో మేలైనవి తన లాయానికి ఉంచుకుని మిగతావి నాయకులకు ఇచ్చి సొమ్ము రాబట్టేవాడని నూనిజ్ అంటాడు. అంకె పెంచి చెప్పి ఉండొచ్చు, నేను దాన్ని పట్టుకుని వేలాడను. ముఖ్యమైన మాట “ఏటా” అన్నది. ఒకసారి కొంటే సరిపోదు. ఎండకు, తిండి మారి, రోగాలకు, యుద్ధాలకు గుర్రాలు చస్తూనే ఉంటాయి. లాయం అడుగున చిల్లి పడ్డ కుండ లాంటిది. పైనుంచి పోస్తూ ఉన్నంతసేపే నిండుగా ఉంటుంది.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తరవాత రాజధాని పెనుకొండకు మారింది. గోవాలో గుర్రాల బేరం పడిపోయింది. కానీ గుర్రం మీద మోజు తగ్గలేదు. తరవాత వచ్చిన కర్నూలు పన్నీ పఠాన్లకైనా, కడప మయానాలకైనా అసలు బలం గుర్రపు దండే. 1751లో రాయచోటి దగ్గర జరిగిన తగువులో హైదరాబాదు గద్దెనెక్కిన ముజఫర్ జంగ్ చనిపోయాడు. ఆయన మీదికి తిరగబడింది ఈ పఠాను నవాబులే. ఇంత చిన్న సంస్థానాలకు హైదరాబాదు మీదికి లేచేంత ధైర్యం ఇచ్చింది ఆ దండే.

ఒక లాయం ఒక రోజుకు ఏం తింటుంది

ఇక్కడ కాస్త లెక్క వేసుకుందాం. నూనిజ్ చెప్పిన దాని ప్రకారం రాజుగారి సొంత లాయంలో ఎప్పుడూ 500 గుర్రాలు ఉండేవి. వాటినీ ఏనుగుల్నీ పోషించడానికి రాజధాని నగరం మీద వచ్చే ఆదాయాన్ని కేటాయించారు. రాజభవన రక్షణకు ఉన్న 6,000 మంది రౌతుల సంగతి వేరు. గుర్రాల్ని చూసుకునే సాయిసులు 1,600 మంది, గుర్రాలకు నడకలు నేర్పే శిక్షకులు 300 మంది, కమ్మరులూ వడ్రంగులూ తాపీవాళ్ళూ చాకళ్ళూ కలిపి 2,000 మంది ఉండేవాళ్ళని కూడా ఆయనే రాశాడు. అంటే గుర్రాలశాల అనేది నిజానికి మనుషుల పేట.

కర్నూలు నవాబు దగ్గర కూడా ఐదు వందల గుర్రాలు ఉన్నాయని ఊరికే అనుకుందాం, లెక్క కోసం. మూడు, మూడున్నర వందల కిలోల బరువుండే దక్కనీ గుర్రం రోజుకు ఆరేడు కిలోల ఎండు మేతా దాణా తింటుంది. పాతిక నుంచి ముప్ఫై అయిదు లీటర్ల నీళ్ళు తాగుతుంది, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పన్నెండు పదిహేను కిలోల లద్దె వేస్తుంది. ఐదు వందలతో గుణిస్తే రోజుకు మూడు టన్నులకు పైగా మేత, 15,000 లీటర్ల నీళ్ళు, ఆరేడు టన్నుల లద్దె. మోటారు లేదు, ట్రాక్టర్ లేదు. నీళ్ళు కపిలబావి నుంచి ఎద్దులు తోడాలి, లేదా ఏటి నుంచి మోయాలి, లేదా గుర్రాల్నే ఏటికి తోలుకుపోవాలి. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట కర్నూలు ఉండటం గుర్రాలకు ఎంత పెద్ద వరమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. కొండ మీద ఉన్న గుత్తికి ఆ వరం లేదు. 1776లో హైదర్ అలీ ముట్టడిలో మురారిరావు దిగివచ్చింది ఫిరంగులకు కాదు, కోటలో నీళ్ళు అడుగంటడం వల్ల.

మేతలో మొదటి మాట ఉలవలు. డోన్, పత్తికొండ, గుత్తి వైపు ఎర్రనేలల్లో వాన సరిగ్గా లేకపోయినా ఉలవ పండుతుంది. పచ్చి ఉలవలు గుర్రానికి నేరుగా పెట్టకూడదు, సరిగ్గా అరగవు, కడుపు నొప్పి వస్తే గుర్రం బతకడం కష్టం. కడుపు నొప్పికి వాంతి చేసుకునే వీలు కూడా గుర్రానికి లేదు. కాబట్టి నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి గుగ్గిళ్ళుగా పెట్టాలి. ఐదు వందల గుర్రాలకు గుగ్గిళ్ళు ఉడకాలంటే ఎన్ని కాగులు, ఎన్ని బండ్ల కట్టెలు కావాలో ఊహించుకోండి. పెద్ద పెళ్ళి వంట ప్రతి రోజూ చేసినట్టే. నల్లరేగడి వైపు నుంచి జొన్న చొప్ప వచ్చేది. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అనే సామెత ఈ ఖర్చు మోసిన మనుషుల నోట పుట్టిందే అయ్యుండాలి.

ఉలవల కంటే కష్టమైంది పచ్చగడ్డి. గుర్రానికి గరిక అంటే ప్రాణం. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మద్రాసు గుర్రపు దళాల్లో గుర్రానికి ఒక సాయిసు, గడ్డి తెచ్చే మనిషి ఒకరు ఉండేవాళ్ళు. ఆ గడ్డి మనిషి చాలాసార్లు సాయిసు భార్యే. ఆమె పని తెల్లవారకముందే మొదలవుతుంది. చెరువు గట్టు దగ్గరో కాలవ గట్టునో గొంతుక్కూర్చుని చిన్న పారతో గరికను వేర్లతో సహా చెక్కుతుంది. మన దగ్గర గడ్డి ఎత్తుగా పెరగదు, నేలకు పాకి ఉంటుంది, కొడవలితో కోస్తే పిడికెడు కూడా రాదు. వేర్లు తవ్వాల్సిందే. మట్టి దులిపి, నీళ్ళల్లో జాడించి, కర్రతో కొట్టి ఇసుక పోగొట్టి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఇసుక మిగిలితే గుర్రం పేగుల్లో చేరుతుంది. ఒక గుర్రం కడుపు నింపడానికి ఒక ఆడమనిషి రోజంతా పని చేసేది. దండయాత్రల గురించి రాసిన పుస్తకాల్లో రౌతు పేరు ఉంటుంది, జమాదారు పేరు ఉంటుంది, ఒక్కోసారి గుర్రం పేరు కూడా ఉంటుంది. గరిక చెక్కిన మనిషి పేరు ఉండదు. ఆమె లేకపోతే ఆ దండు మూడు రోజులు నడవదు.

కట్టడం ఎందుకు అక్కర్లేకపోయింది

లాయం అనగానే హంపీలో ఏనుగుశాల లాంటి రాతి తోరణాల వరస మన కళ్ళ ముందుకు వస్తుంది. మొత్తం చిక్కు ఇక్కడే ఉంది. రాయలసీమలో గుర్రాల్లో ఎక్కువ భాగం కప్పు కిందే లేవు.

అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, కర్నూలు, కడపల్లో కాస్త ఎక్కువ. తడిసి ముద్దయ్యే రోజులు ఏడాదిలో కొన్ని వారాలే. కాబట్టి గుర్రాన్ని ఆరుబయటే కట్టేవాళ్ళు. మెడతాళ్ళు ముందు రెండు గూటాలకు, వెనక కాళ్ళ తాళ్ళు వెనక ఇంకో గూటానికి. అగాడి, పిఛాడి అంటారు వీటిని. ఇలా కడితే గుర్రం పక్క గుర్రాన్ని తన్నలేదు, తిరగలేదు, పడుకోగలదు. రెండు వరసల గూటాలు, మధ్యలో మనిషి నడిచే దారి, ఒక చివర నీళ్ళ తొట్టి, చింతచెట్ల నీడ. ఇంతే లాయం. వానకూ మిట్టమధ్యాహ్నపు ఎండకూ కావాలంటే బోదతోనో చొప్పతోనో కప్పిన కొట్టం. బోదకొట్టం వయసు నాలుగైదేళ్ళు. కర్ర గూటానికి అంత కూడా లేదు. చెదలు పట్టని కాలమే తక్కువ.

రెండో కారణం గుర్రం ఎవరిది అన్నది. దక్కను సైన్యాల్లో రెండు రకాల రౌతులు ఉండేవాళ్ళు. సర్కారు గుర్రమెక్కి జీతానికి పనిచేసే బార్గీరు ఒకడు. సొంత గుర్రం, సొంత ఆయుధాలతో వచ్చి పెద్ద జీతం తీసుకునే శిలేదారు ఇంకొకడు. బార్గీరు గుర్రాలు పాగాలో, అంటే సర్కారు లాయంలో, ఉంటాయి. శిలేదారు గుర్రం వాడి ఇంటి ముందు ఉంటుంది. యుద్ధంలో గుర్రం చస్తే నష్టం వాడిదే, కాబట్టి బిడ్డలా చూసుకుంటాడు, ప్రాణం మీదికొస్తే దాన్ని కాపాడుకోవడానికి వెనక్కి కూడా తగ్గుతాడు. రాజుకు ఇది లాభమా నష్టమా అని ఆ రోజుల్లోనే చాలా వాదనలు జరిగాయి. ఊరి రూపం వరకు చూస్తే శిలేదార్లు ఎక్కువ ఉన్న ఊళ్ళో పెద్ద లాయం అవసరం ఉండదు. జమాదారు ఇంటి చుట్టూ ఇరవై గుర్రాలు, పక్క వీధిలో పది, బురుజు కింద బయల్లో యాభై. ఊరే లాయం అన్నమాట.

ఇది తెలిస్తే మనం వెతికే తీరు మారిపోతుంది. “లాయం ఎక్కడ కూలిపోయింది” అనే ప్రశ్నకు జవాబు రాదు, ఎందుకంటే చాలాచోట్ల కూలడానికి ఏమీ లేదు.

జీతం ఆగిన రోజు

ఆ ఊరంత లాయం ఎప్పుడు ఖాళీ అయింది? కడప, అనంతపురం వైపు ఒక తేదీ, కర్నూలుకు ఇంకో తేదీ.

1779లో హైదర్ అలీ కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను సిద్ధవటంలో పట్టుకోవడంతో కడప దండు పని అయిపోయింది. టిప్పు ఓడిన 1792, 1799 యుద్ధాల తరవాత ఈ జిల్లాలు విడతలుగా నిజాం చేతికి వచ్చాయి. 1800లో నిజాం వీటిని కంపెనీకి ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడంటే, తన రక్షణకు హైదరాబాదులో పెట్టుకున్న కంపెనీ సైన్యం జీతాలకు బదులుగా. ఆ ఒప్పందం ప్రకారం ఆ సైన్యంలో 8,000 మంది కాల్బలంతో పాటు 1,000 గుర్రాల దళం ఉండాలి. ఈ మాట నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. మన రైతులు కట్టే శిస్తు అప్పటిదాకా కనీసం మన ఊళ్ళో నిలబడ్డ గుర్రానికి ఉలవలు కొనేది. ఆ ఉలవలు పండించింది ఇక్కడి రైతే, గడ్డి చెక్కింది ఇక్కడి మనిషే, లాడాలు కొట్టింది ఇక్కడి కమ్మరే. 1800 తరవాత అదే శిస్తు ఎక్కడో ఉన్న గుర్రాల కోసం పోయింది. వసూలు తగ్గలేదు, ఊళ్ళో తిరిగే డబ్బు తగ్గింది.

థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరు. దాదాపు 80 మంది పాలెగాళ్ళ సాయుధ బలగాల్ని ఆయన రద్దు చేయించాడు, కొందర్ని వెళ్ళగొట్టాడు, మిగతావాళ్ళను పింఛన్లకు కుదించాడు. రైతు మీద ఆయనకున్న దయ గురించి మన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు, దాంట్లో నిజం ఉంది. కానీ ఆయుధం, గుర్రం, కట్టుబడి (పాలెగాడి కొలువులో ఉండే బంట్లు) ఇవి మూడూ పాలెగాడి ఇంటి నుంచి జారిపోవడం మొదలైంది కూడా అప్పుడే. ఆ మంటే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దగ్గర బయటపడింది.

కర్నూలు మాత్రం కప్పం కడుతూ నవాబు కిందే ఉంది. అందుకే సీమలో సొంత దండు చివరిదాకా మిగిలింది ఇక్కడే. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగు చేస్తున్నాడనే ఆరోపణతో కంపెనీ సైన్యం వచ్చి కోటను పట్టుకుంది. తోటల్లో, భవనాల్లో దాచిన ఫిరంగులూ మందుగుండూ దొరికాయి. ఆ అక్టోబరులోనే జోహరాపురం దగ్గర నవాబు పక్షాన ఉన్న అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లతో యుద్ధం జరిగింది. ఇప్పుడు మనం ఆటో ఎక్కి పది నిమిషాల్లో పోయే జోహరాపురమే అది. నవాబును తిరుచిరాపల్లికి తీసుకుపోయారు, అక్కడ 1840లో ఒకడు పొడిచి చంపాడు.

తరవాతి నెలల్లో ఊరు ఎలా మారి ఉంటుందో ఆలోచించండి. దండు రద్దయితే శిలేదారుకు జీతం లేదు. జీతం లేనివాడు రోజుకు ఆరేడు కిలోల మేత తినే ప్రాణిని వారం కూడా పోషించలేడు. గుర్రాన్ని వచ్చిన ధరకు అమ్మడమే దారి. ఒకేసారి వందల గుర్రాలు అమ్మకానికి వస్తే వచ్చే ధర ఎంత? సాయిసుకు పని పోయింది. గడ్డి మోపు కొనేవాళ్ళు లేరు. గుర్రాలు నిలబడ్డ బయలు ఖాళీ అయింది, గూటాలు పొయ్యిలోకి పోయాయి, లద్దె పొలాలకు ఎరువుగా పోయింది. 1858లో కర్నూలు జిల్లాగా ఏర్పడే నాటికి ఆ బయళ్ళు సర్కారు పోరంబోకులో కలిసిపోయి ఉంటాయి. దీనికి ఫిరంగి అక్కర్లేదు, పలుగు కూడా అక్కర్లేదు.

తరవాత దొరల గుర్రాలు మిగిలాయి. కలెక్టర్లూ ఇంజనీర్లూ గుర్రాల మీద, గుడారాలతో జిల్లా అంతా తిరిగేవాళ్ళు. మన్రో గవర్నరయ్యాక కూడా అలా తిరుగుతూనే 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. బంగళాల వెనక ఇటుకతో కట్టిన చిన్న లాయాలు ఈ కాలంవే. అవి తరవాత కారు షెడ్లయ్యాయి, రికార్డు గదులయ్యాయి. 1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు పూర్తయింది. దూర ప్రయాణానికి గుర్రం అవసరం తీరిపోయింది.

జట్కా: లాయం చివరి రూపం

విచిత్రంగా, దూర ప్రయాణాల నుంచి గుర్రాన్ని తప్పించిన రైలే గుర్రానికి ఇంకో వందేళ్ళ బతుకు ఇచ్చింది. స్టేషను ఊరికి దూరంగా ఉంటుంది, దిగినవాళ్ళు ఊళ్ళోకి రావాలి. దానికి జట్కా. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911లో అద్దె బండ్లకు చట్టమే వచ్చింది. లైసెన్సు, రేటు, ఎంతమంది ఎక్కాలి, అన్నీ దాంట్లోకి వచ్చాయి.

జట్కా ఎక్కినవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కూర్చున్నాక జట్కా అతను “కొంచెం ముందుకు జరగండన్నా” అనో “అమ్మా, మీరు వెనక్కి” అనో సర్దేవాడు. రెండే చక్రాలు. బరువు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి గుర్రం పొట్ట కింది పట్టీ బిగుస్తుంది. ముందు ఎక్కువైతే మొత్తం గుర్రం వీపు మీద పడుతుంది. మనుషుల్ని ముందుకూ వెనక్కీ జరిపి ఆ బరువును ఇరుసు మీదికి తేవడం అతని నైపుణ్యం. కాడి ఎలా ఊగుతుందో చూసి చెప్పేసేవాడు. కింద చాప, చాప కింద మెత్తగా గడ్డి. ఆ గడ్డే సాయంత్రం గుర్రానికి మేత. చక్రాల మధ్య వలసంచిలో ఇంకో మోపు వేలాడేది. ఎక్కడ ఆగితే అక్కడే లాయం. ఇంటికొస్తే సందులో, తలుపు పక్కన, నాపరాయి పరిచిన రెండు గజాల చోటే గుర్రం స్థలం.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు. మంత్రులూ గుమాస్తాలూ అర్జీదారులూ వచ్చిపడిన ఆ మూడేళ్ళు జట్కాలకు మంచి రోజులని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. 1956 నవంబరు నుంచి రాజధాని హైదరాబాదు. తరవాత సైకిల్ రిక్షా, ఆ తరవాత ఆటో. జట్కా ఓడిపోయింది వేగంలో అనుకుంటారు, ఊరి సందుల్లో ఆటో అంత వేగంగా ఏం పోదు. అసలు దెబ్బ బేరం లేని రోజున తగిలింది. ఆటో ఆగితే దాని ఖర్చు ఆగుతుంది. గుర్రం ఆగినా దాణా ఆగదు. వరసగా మూడు రోజులు ముసురు పట్టి బేరాల్లేకపోతే జట్కా అతను అప్పు చేసి ఉలవలు కొనాలి. నవాబు దండు ఏ కారణంతో విడిపోయిందో జట్కా స్టాండూ అదే కారణంతో విడిపోయింది. ఈసారి ఒకేరోజు కాదు, ఇంటికొకటి చొప్పున.

2019 పశుగణన నాటికి దేశం మొత్తం మీద గుర్రాలూ తట్టువలూ కలిపి 3.4 లక్షలే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. మన ఊళ్ళల్లో ఇప్పుడు కనిపించేవి పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు.

ఎక్కడ వెతకాలి

తోరణాలున్న ప్రతి పాత కట్టడాన్నీ గుర్రపుశాల అనేయడం మన దగ్గర అలవాటు. నమ్మేముందు కొన్ని చూడాలి. నేల ఒక పక్కకు వాలి ఉందా, మూత్రం పోవడానికి కాలవ ఉందా? గోడలో గాని స్తంభాల్లో గాని తాడు కట్టే రంధ్రాలో ఇనుప కడియాలో ఉన్నాయా, అవి మనిషి నడుము ఎత్తులో ఉన్నాయా? గుర్రానికి ఒక్కోదానికి కనీసం అయిదారు అడుగుల వెడల్పు దొరుకుతుందా? పక్కనే బావి ఉందా? ఇవేవీ లేకపోతే అది గిడ్డంగో సత్రమో అయ్యుండటానికే అవకాశం ఎక్కువ.

కాగితాల్లో అయితే దొరికే అవకాశం ఎక్కువ. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియత్తుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, ఊరి ఇనాములు, తోటలు, బావులు, ఎవరి కొలువుకు ఏ భూమి ఇచ్చారో రాసి ఉంటుంది. కడపలో సి.పి. బ్రౌన్ కేంద్రం కడప జిల్లా కైఫియత్తుల్ని అచ్చువేసింది. ఇనాం రికార్డుల్లో కొలువు వివరం ఉంటుంది. ఆర్‌ఎస్‌ఆర్, ఫెయిర్ అడంగళ్ళు అనే సర్కారు భూమి రికార్డుల్లో పోరంబోకు ఏ రకమో రాసి ఉంటుంది. ఊరి నడిబొడ్డున, బావి పక్కన, ఎవరికీ పట్టా లేని పొడుగాటి స్థలం కనిపిస్తే నేను ముందు గుర్రాల గురించే అడుగుతాను. ఇళ్ళల్లో ఉండాల్సిన సనదులు (నవాబులిచ్చిన హక్కు పత్రాలు), జీతాల చిట్టాలు మాత్రం కర్నూలు పాతబస్తీలో చాలావరకు పోయాయి. 2009 అక్టోబరు వరదలో మిద్దెల దాకా నీళ్ళొచ్చి ట్రంకుపెట్టెల్లో కాగితాలు ముద్దయిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

మనుషుల్లో అడగాల్సింది లాడాలు కొట్టే నాల్‌బందుల్ని. గుర్రం పోయినా ఈ పని పోలేదు, ఎందుకంటే సీమ రాళ్ళ దారుల్లో ఎద్దులకు కూడా లాడాలు కొట్టాలి. సంతలో చూసే ఉంటారు. ఎద్దు కాళ్ళకు తాడు మెలిపెట్టి లాగి పక్కకు పడేస్తారు, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి కర్రకు ఆనిస్తారు, గిట్టను కత్తితో చెక్కి, ఆకురాయితో సరిచేసి, పలచని లాడం పెట్టి మేకులు ఏటవాలుగా దిగ్గొడతారు. మేకు కొస గిట్ట పక్కనుంచి బయటికి రావాలి, లోపలికి పోతే ఎద్దు కుంటుతుంది. కొస తుంచి వంచేస్తారు. పాత నాల్‌బందు ఒకాయన తన తండ్రి ఎద్దుల కంటే జట్కా గుర్రాలకే ఎక్కువ కొట్టేవాడని, గుర్రానికైతే పడేయడం ఉండదని, కాలు తన తొడల మధ్య పెట్టుకుని నిలబడే కొట్టాలని చేసి చూపించాడు. గిట్ట పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నెలన్నరకో రెండు నెలలకో ప్రతి గుర్రమూ ఆయన దగ్గరికి రావాల్సిందే. ఏ వీధిలో ఎవరికి ఎన్ని గుర్రాలు ఉండేవో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్షి ఉండడు. ఈ కుటుంబాల్లో డెబ్బై దాటినవాళ్ళను ఇప్పుడే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి.

ఇంకొకటి, కోట చుట్టుపక్కల పాత ఇళ్ళు తీసి కొత్త పునాదులు తవ్వేవాళ్ళకు. తుప్పు పట్టిన లాడం దొరికితే పాతసామాన్ల వాడికి వేసే ముందు ఒకసారి చూడండి. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది, దాని లాడం రెండు విడి ముక్కలు. గుర్రానిది ఒకటే ముక్క, వంపు తిరిగి ఉంటుంది. అలాంటివి ఒకేచోట పది పన్నెండు బయటపడితే ఫొటో తీసి, ఎంత లోతున దొరికాయో, ఆ స్థలం సర్వే నంబరు ఎంతో రాసిపెట్టండి.